డబ్బాలో గొర్రె కళ్ళు

అరబ్బు దేశంలో, రుమైథియా అనే పేటలో నేను వంట చేసింది ఒక జర్మన్ కంటి డాక్టరు ఇంట్లో. శుక్లం తీశాక సోడాబుడ్డి అద్దాలు తగిలించుకోవడమే అందరికీ తెలిసిన కాలంలో, కంటి లోపలే చిన్న అద్దం అమర్చడం అక్కడ మొదలుపెట్టింది ఆయనేనని చెప్పుకునేవారు. ఆసుపత్రిలో ఏం చేసేవారో నేను చూడలేదు గానీ మా వంటింటి బల్ల మీద చేసింది చాలానే చూశాను. మాంసం అంగడి నుంచి నేను గొర్రె కళ్ళు తెస్తే, వాటిని కోసి, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టేవారు. కుట్టు నచ్చకపోతే విప్పి మళ్ళీ కుట్టేవారు. అన్నం చల్లారిపోతోందని నేను సణుగుతుండేదాన్ని.

ఇరాక్ సైన్యం వచ్చాక తెల్లవాళ్ళను పట్టుకుపోవడం మొదలైంది. వాళ్ళను దాచినవాళ్ళను చంపేస్తామన్నారు. సారు తలుపులు, కిటికీలు మూసుకుని లోపలే ఉండిపోయారు. మా వైపు వాళ్ళంతా ఇంటికి పోవడానికి జోర్డాన్ దారి పడుతుంటే నేను ఆయన్ని ఒంటరిగా వదిలి పోలేకపోయాను. పోలేనందుకు రోజూ నన్ను నేనే తిట్టుకున్నాను.

కొన్ని వారాలకు ఒక ఉదయం ఆయన చెయ్యి చాపి చూసుకుంటున్నారు. వేళ్ళు వణుకుతున్నాయి.

"చేతి నేర్పు పోతే నేనిక డాక్టర్ని కాను. కళ్ళు తెచ్చిపెట్టు" అన్నారు, మా ఇద్దరికీ వచ్చిన అరకొర అరబ్బీలో.

"దోవలో మిలిటరీవాళ్ళు సంచులిప్పి చూస్తాండారు సార్. మీకు చెయ్యి పోతాదని బయం, నాకు తలకాయ పోతాదని బయం" అన్నాను. అన్నానే గానీ, ఆ ముఖం చూడలేక డబ్బా పట్టుకుని బయల్దేరాను.

తిరిగొస్తుంటే ఆపారు. డబ్బా మూత తీసిన సిపాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. మంచుముక్కల మీద నుంచి రెండు కళ్ళు వాడినే చూస్తున్నాయి.

"ఏంటివి?"

"కూరకి. మేం తింటాం." అబద్ధం కాదు. మా కడప ఇంట్లో తలకాయ కూర వండితే కళ్ళ కోసం కొట్లాడుకునేవాళ్ళం.

"మరి తల ఏది?"

తల కొనే స్తోమత లేదన్నాను. పక్కనున్న పెద్ద సిపాయి నా ముఖంలోకి చూస్తూ, ఈ వీధిలో కంటి డాక్టరెవరైనా ఉన్నాడా అని అడిగాడు. లేడన్నాను.

"అయితే తిను" అన్నాడు.

పచ్చిది. ఒక కన్ను నోట్లో పెట్టుకుని కొరికాను. ఏదో చల్లగా నాలుక మీద పగిలింది. వాడు నా గొంతు వైపే చూస్తున్నాడు. మింగాను. వాళ్ళు నవ్వి డబ్బా నా చేతికిచ్చారు.

"ఒకటేనా?" అన్నారు సారు, ఇంట్లో డబ్బా మూత తీసి.

"ఒకటే దొరికింది."

కిటికీ సందులోంచి పడే వెలుతురులో సాయంత్రం దాకా దాన్నే కుట్టారు. నేను స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కక్కుకున్నాను. బయటికొచ్చేసరికి ఆయన ముఖం తేటపడి ఉంది. చెయ్యి చాపి చూపించారు. వణకడం లేదు.

"రేపు రెండు తేగలవా?" అన్నారు.

భయంతో నాకు ఏడుపొచ్చింది. తెస్తానన్నాను.