ఎలుగు కోసం ఊడ్చిన చోటు

మా నాన్న కిరండూల్ లైనులో కీమేన్. సుత్తి భుజాన వేసుకుని, పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలను బిగించుకుంటూ పోవడం ఆయన ఉద్యోగం. ఒకనాడు తెల్లవారుతుండగా, బచేలి దాటాక, ఒక ఎలుగుబంటి తన పిల్లను వీపు మీద ఎక్కించుకుని ఆయన ఎదురుగానే పట్టాలు దాటిందట. ఆ సంగతి చెబితే గ్యాంగంతా పగలబడి నవ్వింది. "పిల్ల ఎలుగు మీదెక్కిందా, ఇప్పసారా నీ తలకెక్కిందా?" అన్నారట. చుక్క ముట్టని మనిషి, ఆ మాట ఆయనకు బాగా తగిలింది. రిటైరయ్యాక కూడా ఇంటికి ఎవరొచ్చినా ఆ ఎలుగు కథ వినకుండా వెళ్ళనిచ్చేవాడు కాదు.

అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను ఇక్కడే బచేలిలో టీచరునయ్యాను, అడవి ఫొటోల పిచ్చి పట్టించుకున్నాను. పిల్లను మోసే ఎలుగును ఫొటో తీసి చూపిస్తానని నాన్నకు మాటిచ్చాను. అప్పటికే షుగర్ ఆయన కళ్ళను తినేస్తోంది. చూపు ఉండగానే చూపించాలి, అదొక్కటే నా తాపత్రయం.

అందుకే ట్రయిల్ కెమెరాలు తెప్పించాను. చెట్టుకు కట్టి వదిలేస్తే, ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే డబ్బాలు అవి. ఎలుగు తిరిగే దారి ఏదో వాటి వల్ల తెలిస్తే, అక్కడ పెద్ద కెమెరాతో కాపు కాయొచ్చు. కొండ కింద ఊరిపెద్దను అడిగి, దారిలో పోలీసు క్యాంపు వాళ్ళు అనుమానపడకుండా డబ్బాలు విప్పి చూపించి, చెదపుట్టలున్న ఒక వాగు పక్కన కట్టాం. గని మట్టితో వాగు ఎర్రగా పారేది. జంతువులకు మాత్రం వేరే నీళ్ళెక్కడివి?

ఆదివారం చర్చి కాగానే బయల్దేరేవాళ్ళం. నాన్న చేతిలో కత్తి. సిగ్నల్‌కి ఆకు అడ్డం రాకూడదన్నది ఆయన ఒంట్లో ఇంకిపోయిన రూలు. కెమెరా ఎదుటి తుప్పలు నరికాడు, తీగలు పీకాడు, రాలిన ఆకులు ఊడ్చాడు. అంతటితో ఊరుకుంటాడా, రాళ్ళు వరసగా పేర్చి సున్నం కూడా కొట్టాడు. రైల్వే క్వార్టర్లో పుట్టినదాన్ని, నాకూ ముచ్చటగానే అనిపించింది.

"ఇంక దొరసానిలా నడిసొచ్చేస్తాది సూడు," అన్నాడు.

రాలేదు. కెమెరా కార్డు నిండా ఊరి ఆవులు, ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళు, వంగి ఊడుస్తున్న నాన్న. ఆ ఫొటోలు టీవీలో పెడితే, ఆయన తెరకు ముక్కు ఆనించి చూసేవాడు. మూల నల్లగా ఏదైనా కనిపిస్తే "అదేటి?" అనేవాడు. నీడ నాన్నా, అనేదాన్ని. తర్వాతి ఆదివారం ఇంకాస్త నరికేవాళ్ళం.

వానాకాలంలో ఆయన పాదానికి పుండు పడింది. ఆసుపత్రి చుట్టూ తిరగడంలో కెమెరాల ఊసే మరిచాను. ఆ వానల్లోనే ఆయన చూపు పూర్తిగా పోయింది. తెరిపిచ్చాక ఒక్కదాన్నే వెళితే, సున్నం రాళ్ళు తుప్పల్లో మునిగిపోయాయి, తీగ కెమెరా దాకా పాకింది. ఇంటికొచ్చి కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఆకుల సందున ఎలుగు! దాని వీపు మీద జుట్టు పట్టుకుని పిల్ల. మనుషులు నరికి, ఊడ్చి, సున్నం కొట్టిన చోటుకి అడవి జంతువు ఎందుకొస్తుందన్న ఇంగితం అప్పటికిగాని నాకు కలగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ల్యాప్‌టాప్ నాన్న ఒళ్ళో పెట్టాను. "వచ్చింది నాన్నా. వీపు మీద పిల్ల కూడా ఉంది."

ఆయన అరచేత్తో తెర తడిమాడు. "పిల్లుందా?"

"ఉంది. జుట్టు పట్టుకుని కూర్చుంది."

నవ్వాడు. "నా కతే నాకు సెప్తన్నావేటే అమ్మా?"

ఎప్పుడూ వెయ్యని ఒట్టు బైబిలు మీద వేశాను. "ఒట్టెయ్యకే, పాపం," అన్నాడు. ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పక్కింటి పిన్నిని లాక్కొచ్చి చూపించాను. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది.

"నిన్నూ సెప్పమన్నాదా సెల్లీ?" అన్నాడు నాన్న.

ఆవిడ వెళ్ళిపోయాక నా తల నిమిరాడు. "నాకోసం ఇంత అబద్దమాడే బిడ్డుంది. ఇంకేటి కావాలి?" అన్నాడు. ఆ ముఖంలో అంత తృప్తి నేనెన్నడూ చూడలేదు. ఇక వాదించలేక ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ చప్పుడు విని, అబద్ధమని ఒప్పుకున్నాననుకున్నాడు.