మామ వేలు లేచింది, మాట రాలేదు

మునిరత్నం మామ ప్రాణం పోతుంటే ఆయన మనుషులే చూస్తూ కూర్చున్నారు.

నిన్న సాయంత్రం. గుడియాత్తం బస్టాండు వెనక టీ అంగడి దగ్గర.

పేర్లు రాయను. ఆ బెంచీ మీద ఉన్నవాళ్లకు ఈ పోస్ట్ చేరుతుంది. తెలుగు చదవడం రానివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి వినిపించండి.

నేను వేలూరులో డ్యూటీ దిగి బస్సెక్కుతుంటే ఫోన్ వచ్చింది.

"మామ పోయినాడప్పా."

"ఎవరి మీద అలిగి?" అన్నాను.

నిజంగా అదే అడిగాను. మామ పోవడమంటే నాకు తెలిసింది అదొక్కటే. వాదన మధ్యలో తువ్వాలు దులిపి లేచిపోవడం, టీ ఆరేలోపు తిరిగి రావడం.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. మా అమ్మకు అన్న. పేర్ణాంబట్టు టానరీలో తోళ్లు పదును చేస్తూ ముసలివాడైన మనిషి. సాయంత్రమైతే ఆయనకు వాదన కావాలి. దేవుడున్నాడా అనేదైనా సరే, సాంబారులో బెల్లం వెయ్యొచ్చా అనేదైనా సరే. మనం అవునంటే ఆయన కాదంటాడు. మనం ఒప్పేసుకుంటే అటువైపు దూకుతాడు.

ఒక రూల్ ఉండేది. ఆయన చూపుడు వేలు లేచిందంటే మాట వెతుక్కుంటున్నాడని అర్థం. అది దిగేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. టీ కాచే చెంగయ్యన్న ఒక్కడికే ధైర్యం.

"వేలు దించు మామా, టీ సల్లారిపోతా ఉండాది."

నేను కాలేజీ మెట్లెక్కలేదు. కరపత్రాలు చదివి మనిషినయ్యాను. టానరీ కూలీలకు గ్లవ్స్ ఇవ్వాలన్న కరపత్రం ఒకసారి బెంచీ దగ్గర చదివాను. మామ ఓనర్ పక్షం తీసుకుని నన్ను ఉతికేశాడు. తోళ్లు నానబెట్టే సున్నం తినేసిన ఆ చేతులే ఊపుతూ.

నాకు ఏడుపొచ్చింది.

"నీ మాట పచ్చితోలురా అల్లుడా. పదును పెట్టకుండా ఎత్తుకోని పోతే రేపటికి కంపు కొడతాది."

మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరికి పోయి, నా వాదన నాకంటే బాగా వాదించాడు.

గ్లవ్స్ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నిన్నటి వాదన నా గురించేనట. ఇట్లాంటి కోపిష్టి కుర్రాళ్ల వల్ల ఎవరికైనా ఒరిగేదేమైనా ఉందా అని. అందరూ లేదన్నారు. ఆ బెంచీ మీద నా ఎదుట ఒక్కసారి కూడా నా వైపు నిలబడని మామ, నేను లేనప్పుడు నిలబడ్డాడు.

"వాని కోపం మనకు ఎందుకు కావాలంటే" అన్నాడట.

వేలు లేచింది.

అందరూ ఆగారు. రూల్ కదా.

గోడకు ఆనుకుని, వేలెత్తి, కళ్లు తెరిచి ఉన్నాడు. పెద్ద మాటేదో వస్తుందనుకున్నారు. ఎడమ చెయ్యి ఛాతీ మీదికి పోతే అదీ వాదనే అనుకున్నారు. టీ మీద మీగడ కట్టింది. చెంగయ్యన్న అలవాటుగా "వేలు దించు మామా" అన్నాడు.

చెయ్యి మొత్తం జారిపోయింది.

పొద్దున వాళ్లను తిట్టడానికే అక్కడికి పోయాను. తిట్టలేకపోయాను. మర్యాదకు ఆగినవాళ్లను ఏమని తిట్టాలి? ఆ మర్యాద నేర్పింది ఆయనే.

చెంగయ్యన్న నా మొహం చూడకుండా గ్లాసులు కడుగుతూ అన్నాడు.

"నువ్వు ఉండింటే మధ్యలో దూరుంటావు నాయనా. నీకు ఓపిక లేదు గదా."

మామ చెప్పబోయింది ఇదేనా, ఇంకేదైనానా? ఎవరినడగాలి? ఇక ఈ జన్మలో నాకు తెలియదు.

నోరే ఆయన్ను తినేసిందని ఇంటి దగ్గర అంటున్నారు. ఇకమీదట అక్కడ వాదనలు వద్దని పెద్దలు చెప్పేశారట. బెంచీ కూడా తీసేస్తారట.

శాంతిగా ఉండు మామా అంటే "ఎందుకుండాల?" అంటావు. ఈ ఒక్కసారికి వాదించొద్దు. ఉండు.

రేపు సాయంత్రం ఆరు గంటలకు అదే బెంచీ దగ్గరికి రండి. మామ ఆపిన చోటినుంచే మొదలుపెడదాం. నా కోపం దండగని చెప్పడానికైనా రండి.

రూల్ మాత్రం మారింది.

వేలు లేచి మాట రాకపోతే, లేచి ఆ చెయ్యి పట్టుకోవాలి.