ఎల్లమ్మ అడిగిన బస్సు

ఎల్లమ్మ చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. బుర్ర లేక కాదు, దారి లేక. మహారాష్ట్రలో కోర్పన దగ్గరి ఆ పల్లెలో అప్పట్లో బడి నాలుగు వరకే ఉండేది. ఆపైన పక్క ఊరికి నడవాలి. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి తండ్రికి మనసొప్పలేదు. ఆ ఊళ్లోనే లస్మయ్యను పెళ్లి చేసుకుంది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఏడాది పొడుగునా పత్తి చేను. కూతురు ప్రణాలి పుట్టినప్పుడు మాత్రం మొండిగా ఒకటి అనుకుంది: ఈ పిల్లను దారి లేదని ఎవరూ ఆపకూడదు.

ప్రణాలి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఊళ్లో బడి ఏడుతో సరి. ఆపైన గడ్‌చాందూర్ బడికి పోవాలంటే పొద్దుటి బస్సు ఒక్కటే దిక్కు. ఈ వానాకాలం సిమెంటు లారీలు పెద్ద రోడ్డు మీది రద్దీ తప్పించుకోవడానికి ఊరి దారి పట్టాయి. ఊరి ముందరి కల్వర్టు ఒక పక్కకు కుంగిపోయింది. లారీలు దర్జాగా మళ్లీ పెద్ద రోడ్డెక్కాయి. బస్సు రావడం మానేసింది. మగపిల్లలు ఎవరో ఒకరి మోటారు సైకిలు వెనక ఎక్కి పోతున్నారు. ఆడపిల్లలు ఇంట్లో కూర్చున్నారు. ఎల్లమ్మ ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. బాగు చేయిస్తామన్నారు. అనడానికి ఏం పోయింది?

లస్మయ్య చెడ్డవాడేం కాదు. ఈసారి పత్తి చేతికి రాలేదు. మిరపకాయలు ఏరడానికి ఖమ్మం వైపు పోవాల్సి వచ్చేలా ఉంది, ఖాళీగా ఉన్న పిల్లను కూడా వెంట తీసుకుపోతానన్నాడు. ఎల్లమ్మ పోట్లాడింది. చివరికి, కూలీలను తీసుకుపోయే బండి వచ్చేలోగా బస్సు వస్తే పిల్ల బడికి, రాకపోతే మిరప చేనుకు అని ఒప్పందం కుదిరింది.

ఆ రోజుల్లోనే ఊరికి విదేశీ అతిథులు వస్తున్నారని తెలిసింది. ఆడపిల్లలందరూ చదువుకోవాలని కొన్ని దేశాలు కలిసి ప్రకటన చేశాయట, ఢిల్లీలో ఉండే వాళ్ల రాయబారులు పల్లెల్లో బడులు చూస్తారట. వెంటనే కల్వర్టు గుంటలో మొరం మట్టి పడింది, కార్లు దాటేంత మటుకు. బడి ముందు ఆ లారీల సిమెంటు కంపెనీ వాళ్లే షామియానా వేయించారు. తల్లుల తరఫున మాట్లాడమని ఎల్లమ్మకు చెప్పారు. ఆమె మరాఠీలో నాలుగు ముక్కలు కూర్చుకుంది. తీరా చూస్తే వచ్చిన సర్కారు ఆఫీసరు, సొంత భాషలో మాట్లాడితే అతిథులకు ముచ్చటగా ఉంటుంది, తెలుగులోనే చెప్పమన్నాడు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి కంపెనీ కాలనీ నుంచి ఇంజినీరు భానుప్రకాశ్ భార్య అమృతను పిలిపించారు. మన భాష మనిషే దొరికిందని ఎల్లమ్మకు కొండంత ధైర్యం వచ్చింది.

"లారీలు కల్వర్టును కుంగగొట్టినయి. గప్పటి సంది బస్సు వస్తలేదు," అంది మైకు ముందు. "మీరు ఇంకేం ఇయ్యకున్నా మంచిదే, బస్సు ఒక్కటి ఇప్పియ్యుండ్రి. అది రాకుంటే నా బిడ్డ సదువు ఇగ అయిపోయినట్టే."

అమృత ముందు వరసలో కూర్చున్న కంపెనీ మేనేజరు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఇంగ్లీషులో చక్కగా చెప్పుకుపోయింది. ఎల్లమ్మకు ఇంగ్లీషు రాదు. అయితే బస్సును ఎవరైనా బస్సనే అంటారని తెలుసు. ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించి నిలబడింది. అమృత చెప్పడం అయిపోయింది. ఆ మాట రానే లేదు.

రాయబారి తెల్ల జుట్టు పెద్దావిడ. ఎల్లమ్మకు చేతులు జోడించి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎల్లమ్మకు ఒళ్లు మండిపోయింది. కూర్చోమని వెనక నుంచి కొంగు లాగుతున్నా కూర్చోలేదు. "బస్, మేడం. బస్ నాహీ," అని మరాఠీలో అనేసింది. ఆవిడకు బస్ అందింది, లేదనే నాహీ అందలేదు. అదేమిటన్నట్టు ఆఫీసరు వైపు తిరిగింది. ఆయన తడుముకోకుండా ఏదో చెప్పాడు. అందులో బస్సు మళ్లీ మళ్లీ వినిపించింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. లేచి చప్పట్లు కొట్టింది. షామియానాలో అందరూ కొట్టారు. అమృత మాత్రం తల దించుకుంది.

కారెక్కబోతూ అమృత ఎల్లమ్మ చెయ్యి పట్టుకుని బాగా మాట్లాడారంది. ఇంకేదో చెప్పబోయి, భర్త పిలిస్తే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఎల్లమ్మ సంబరం చూడాలి. అడగాల్సినోళ్లనే అడిగిన, చప్పట్లు కూడా కొట్టిన్రని లస్మయ్యకు చెప్పింది. ప్రణాలి యూనిఫాం ఉతికి ఆరేసింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తల్లీకూతుళ్లు వెళ్లి బస్సు ఆగే చోట నిలబడ్డారు. కొన్నాళ్లు మిగతా ఆడపిల్లలూ వచ్చారు, తర్వాత మానేశారు. అకాల వాన పడి కల్వర్టు గుంటలోని మొరం కొట్టుకుపోయింది. అందరూ నవ్వుతున్నారు, నేను రానని ప్రణాలి ఏడ్చినా ఎల్లమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ చప్పట్లే కొట్టకపోయి ఉంటే పాపం ఆమె అంత ఆశ పెట్టుకునేది కాదు.

మిరప ఏరే కాలం వచ్చింది. కూలీల బొలెరో కల్వర్టు పక్క నుంచి గుంటలోకి దిగి, ఎగిరెగిరి పడుతూ ఊళ్లోకి వచ్చేసింది. దానికి ఏ దారీ అడ్డం కాలేదు. లస్మయ్య బట్టల మూటలు ఎక్కిస్తున్నాడు. బర్రెను చూసుకోవడానికి ఎల్లమ్మ ఇంటి దగ్గరే ఉండాలి. దారిలో తినడానికి జొన్నరొట్టెలు చేసి, చుట్టడానికి కిరాణా కొట్టు నుంచి పాత మరాఠీ పేపరు తెచ్చింది. ప్రణాలి దాన్ని పరుస్తూ పరుస్తూ ఆగిపోయింది. అందులో షామియానా ఫోటో ఉంది. మధ్యలో ఎల్లమ్మ నిలబడి ఉంది, నోరు తెరిచి.

సన్న అక్షరాలు ఎల్లమ్మకు ఆనవు. "బస్సు సంగతి రాసిన్రానే?" అని అడిగింది.

"రాసిన్రు," అంది ప్రణాలి, తలెత్తకుండా. "ఆడపిల్లల కోసం మన ఊరికి రోజూ బస్సు వస్తున్నదట. గందుకే నువ్వు లేసి నిలవడి మేడంకు శుక్రియా చెప్పినవట."

బయట బొలెరో వాడు హారన్ కొడుతున్నాడు. ఎల్లమ్మ రొట్టెలు తెచ్చి ఆ ఫోటో మీదే పెట్టి, గట్టిగా చుట్టి, కూతురి చేతికిచ్చింది. ఇంట్లో ఇంకో పేపరు లేదు.