నంజమ్మ కంట్లో పడని చుక్క

వర్తూరులో నంజమ్మ తెలియనివాళ్ళంటే మొన్నమొన్న అద్దెకు దిగినవాళ్ళే. వాళ్ళకూ వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. మోటారు ఎక్కువసేపు వేసినా, మెట్ల మీద చెప్పులు అడ్డంగా విడిచినా, కింద నుంచి ఒక గొంతు లేస్తుంది. ఆ గొంతు విన్నాక ఎవరూ రెండోసారి చెప్పులు అడ్డంగా విడవరు.

ఆమెది ముళబాగిలు పక్కన పల్లె. ఓబులేష్‌ను కట్టుకొని వర్తూరు వచ్చేనాటికి ఇక్కడన్నీ రాగిచేలూ ఎనుములే. తర్వాత చేలు అపార్టుమెంట్లయ్యాయి, ఎనుములు సంతకు పోయాయి, మిగిలిన జాగాలో ఇల్లూ పైన ఒక అంతస్తూ లేచాయి. నంజమ్మ మాత్రం మారలేదు. రోడ్డు వెడల్పు చేస్తామంటూ ఎవరో కాంట్రాక్టరు మనిషి జేసీబీ తోలుకొచ్చి ప్రహరీగోడ ముందు నిలిపితే, ఆమె చాప పరిచి, ఆ యంత్రం పండ్ల ముందే కూర్చొని తోటకూర కాడలు తుంచింది. కొలత తప్పని వాళ్ళే ఒప్పుకొని పోయేదాకా లేవలేదు. బాత్రూంలోకి పాము వస్తే రోకలితో తనే కొట్టింది. ఓబులేష్ అప్పుడు మంచం మీద నిలబడి దారి చూపించాడు.

ఇవి కాక ఆమెకు చేతివైద్యం ఒకటుంది. పంటినొప్పికి లవంగం, కడుపుబ్బరానికి వాము, జలుబుకు మిరియాల కషాయం. అడిగినవాళ్ళకూ ఇస్తుంది, అడగనివాళ్ళకూ ఇస్తుంది. తాగనంటే నిలబెట్టి తాగిస్తుంది.

అలాంటి నంజమ్మకు ఒకరోజు పొద్దున మెలకువ వచ్చింది గానీ కళ్ళు రాలేదు. రెప్పలు రెండూ బంక పెట్టి అతికించినట్టు కరుచుకుపోయాయి.

"ఏమయ్యా, ఇంకా తెల్లారలేదా?" అంది చీకట్లోంచే.

"తెల్లారింది. నీ కండ్లే తెల్లారలే" అన్నాడు ఓబులేష్.

గోరువెచ్చని నీళ్ళతో తుడిచి తెరిస్తే రెండు కళ్ళూ మాగిన టమోటా పండ్లలా ఉన్నాయి. ఓబులేష్ ఒక్క చూపు చూసి, గబుక్కున మొహం తిప్పేసుకొని గోడ మీది క్యాలెండరుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని అతని గట్టి నమ్మకం.

"ఇంత దానికి గలాటా ఏమిటికి? మందు నా చేతిలోనే ఉండాది" అంది నంజమ్మ.

మొదటి మందు నందివర్ధనం పూలు. తడిపి కళ్ళ మీద పెట్టుకొని పడుకుంది. పూలలో చీమలున్న సంగతి పూలకు తెలుసు, చీమలకు తెలుసు, కళ్ళు మూసుకున్న నంజమ్మకు తెలియదు. కాసేపటికి ఆమె లేచిన వేగానికి మంచం కిర్రుమంది. రెండో మందు ధనియాలు నానబెట్టిన నీళ్ళు. కడుక్కున్నంతసేపు చల్లగా ఉంది, తర్వాత మంట మళ్ళీ మామూలే. మధ్యాహ్నానికి కళ్ళలో ఇసుక పోసి నలిపినట్టయింది.

ఇక మిగిలింది పెద్ద మందు. వాళ్ళమ్మ, వాళ్ళవ్వ వాడింది. నంజమ్మ ఉగ్గుగిన్నె తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"మేడ మీది పాపది పచ్చిబాలింత ఒళ్ళు కదా. నాలుగు చుక్కల పాలు అడిగి తీసకరాపో."

ఓబులేష్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గిన్నె తిరిగి ఆమె చేతిలోనే పెట్టబోయాడు.

"నేనా? ఆ పాపనా? ఎట్లా అడిగేది?"

"నోటితో."

పైన అద్దెకుండే అర్పితది ఖమ్మం. హూడిలో ఆఫీసు, ఇప్పుడు కాన్పు సెలవులో ఉంది. తలుపు తీసేసరికి ఎదురుగా ఇంటాయన ఉగ్గుగిన్నె రెండు చేతులతో పట్టుకొని, పైకప్పు కేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏంటి అంకుల్?"

"పాలు... స్వల్ప... మా ఆమె తెమ్మనింది."

"అయ్యో, దానికేముంది? టీకా?"

"టీకి కాదమ్మా, కంటికి."

"కంటికా?"

"కంటికే. ఈ పాలు కాదు. అంటే, పాపకు... నువ్వు..." అంటూ ఓబులేష్ లోపల ఉయ్యాల వైపు చేయి చూపించాడు, చూపించి ఆ చేతిని చటుక్కున వెనక దాచుకున్నాడు. "ఏమీలేదులే తల్లీ. టీకే. ప్యాకెట్టే ఇచ్చెయ్."

కిందికి వచ్చిన పాల ప్యాకెట్టును నంజమ్మ చేత్తో తడిమి చూసింది.

"నేనేమి తెమ్మంటి, నువ్వేమి తెచ్చినావు?"

"పాలే కదా."

"ఇది ఆవు పాలయ్యా!"

"అదీ తల్లే కదే!" అన్నాడు ఓబులేష్.

ఈలోగా పైన అర్పితకు ఉయ్యాల వైపు చూపించిన చేయి సంగతి బోధపడింది. పడీపడగానే ఫోన్ చేసింది. "ఆంటీ, ప్లీజ్, అలాంటివి కళ్ళలో వెయ్యొద్దు. ఇన్‌ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది. డాక్టర్ ఛాయాదేవి గారి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఆటో కూడా బుక్ చేశా, గేటు దగ్గరికి వచ్చేస్తుంది." ఫోన్ పెట్టేసి, చంటిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి మెట్ల దగ్గరి గ్రిల్లుకు తాళం కూడా వేసుకుంది. తన ఇంటి మెట్లకే తనను రానివ్వకుండా తాళం పడిన చప్పుడు నంజమ్మ స్పష్టంగా వింది. అరిచే ఓపిక లేక గోడ పట్టుకొని గేటు వైపు నడిచింది.

డాక్టర్ ఛాయాదేవిది నెల్లూరు. టార్చి వేసి చూసి, "కండ్లకలకమ్మా. ఇక్కడ మద్రాస్ ఐ అంటారు చూడండి, అదే" అంది.

"మద్రాసు మొహమే నేను చూడలే కదమ్మా!"

"మీరు పోనక్కర్లేదు, అదే వస్తుంది. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది, భయం లేదు. మంట తగ్గడానికి చుక్కలు రాస్తున్నా. చల్లటి తడిగుడ్డ పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ తువ్వాలు, మీ దిండు ఎవరికీ ఇవ్వొద్దు. పూలు, పాలు, ఆముదం, ఏవీ కళ్ళలో పెట్టొద్దు. చూపు మందగించినా, నొప్పి ఎక్కువైనా వెంటనే రండి." తర్వాత గోడకేసి చూస్తున్న ఓబులేష్‌తో, "చూస్తే అంటుకోదండీ. తాకిన చేతులతో కళ్ళు నలుపుకుంటేనే" అంది.

"సరే మేడమ్" అన్నాడు ఓబులేష్ గోడతోనే.

మొదటి చుక్క డాక్టరమ్మే వేయబోయింది. బిందువు సీసా మూతి దగ్గర మెరవగానే నంజమ్మ తల గిర్రున పక్కకు తిరిగింది. చుక్క చెవిలో పడింది. రెండోసారి ముక్కు మీద. మూడోసారి రెప్పలు ఎంత బిగిశాయంటే ఇద్దరు నర్సులు పట్టుకున్నా విడలేదు. బయట జనం పెరిగిపోతున్నారు. "ఇంటి దగ్గర నిదానంగా వేయించుకోండమ్మా" అంది డాక్టరమ్మ, మెడ తుడుచుకుంటూ.

ఇంటి దగ్గర ఓబులేష్ నల్లకళ్ళజోడు పెట్టుకొని సిద్ధమయ్యాడు. నల్లద్దాల్లోంచి అతనికి కన్నేదో ముక్కేదో కనిపించలేదు. ఒక చుక్క నుదుటి మీద, ఒకటి తాళిబొట్టు మీద, ఒకటి నోట్లో పడ్డాయి. ఆఖరికి నంజమ్మ ఉలిక్కిపడి కొట్టిన దెబ్బకు సీసా బీరువా కిందికి దొర్లిపోయింది.

"జేసీబీకి జడవని మనిషివి, చుక్కకు జడుస్తావేమే?"

"జేసీబీ కంట్లో పడదు కదయ్యా!"

ఓబులేష్ సీసా తీసి ఆమె పక్కన పెట్టి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని, పక్క తీసుకొని పెరటి షెడ్డులోకి మకాం మార్చేశాడు. కషాయాలు పట్టుకుపోయిన వీధిలో ఒక్కరూ తొంగిచూడలేదు. తోటకూర అమ్మే ఆమె కూడా ఎదురింటి వైపు నుంచే నడిచిపోయింది. నంజమ్మ సీసా చేతిలో పట్టుకొని పెరటి గోడ దగ్గర కూర్చుంది. తన మీద తనకే బేజారు పుట్టింది. ఇంతమందిని పట్టి నిలబెట్టి మందు తాగించిన మనిషికి, తన తల పట్టుకునే మనిషి లేకపోయింది.

అప్పుడు గోడ అవతల నుంచి తిట్లు వినిపించాయి. "థూ, నీ చెయ్యి పడిపోను! కంట్లో వెయ్యమంటే చెంపకేస్తావేమే?" ఎవరో తన చేతిని తానే తిట్టుకుంటున్నారు. ఆ గొంతు జయమ్మది.

జయమ్మ ఓబులేష్ తమ్ముడు దామోదర్ భార్య. పక్కిల్లే. అయినా తోడికోడళ్ళిద్దరికీ మాటలు లేవు. జయమ్మ కొడుకు పెళ్ళిలో నంజమ్మ ఆకు ముందు కూర్చొని, "ఈ ఒబ్బట్టులో పూర్ణం వెదకాలంటే భూతద్దం తేవాల" అంది. పంక్తి అంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నీకూనా?" అని నోరు జారి అడిగేసింది నంజమ్మ.

అవతల తిట్లు ఆగాయి. "ఆ. నాకూనే. నీవల్లే."

"నావల్లా? నీ మొహం చూసి ఎన్నేండ్లయింది, నేనెట్లా అంటిస్తాను?"

"హూడిలో మా మనవడి నామకరణానికి వచ్చినావు కదా. చెయ్యి కడిగే చోట పచ్చ తువ్వాలుతో మొహం తుడుచుకోలేదా?"

నంజమ్మ గుర్తు చేసుకుంది. "తుడుచుకున్నాను. అది అప్పటికే తడిగా ఉండె. నాకంటే ముందు తుడుచుకున్నది ఎవరు?"

ఎవరు ముందో ఎవరు వెనకో తేలే దారి లేదు. ఒకరి వైపు ఒకరు చూడకూడదన్న పట్టుదలతో ఇద్దరూ ఒకే తువ్వాలు వాడారని మాత్రం తేలింది.

"దామోదర్ యాడ?" అంది నంజమ్మ.

"బొమ్మసంద్రలో. కంపెనీలోకి రానియ్యరని ఫ్రెండు రూములో పడుకున్నాడు. మా బావ?"

"షెడ్డులో."

గోడకు ఇరువైపులా ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. జయమ్మ తన సీసా, తన తువ్వాలు తీసుకొని, పెరటి తలుపు తీసుకొని వచ్చింది. ఇద్దరికీ జబ్బు ఒకటే కాబట్టి అంటుకోవడానికి కొత్తగా ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు మొహాలూ చూడదగ్గట్టు లేవు.

జయమ్మ కళ్ళలో నంజమ్మ చక్కగా చెరొక చుక్కా వేసింది. జయమ్మకు భయం లేదు, తన కంటికి తను గురి పెట్టుకోవడమే రాదు. ఇక నంజమ్మ వంతు. చేతులు కడుక్కొని వచ్చి జయమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. సీసా చూడగానే రెప్పలు ఎప్పటిలాగే తాళం పడ్డాయి.

"అక్కా, తెరువు."

"తెరవను. రాదు."

జయమ్మ సీసాను కంటికి సరిగ్గా ఎదురుగా నిలిపి పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "అక్కా, ఆ పెండ్లి పొద్దు, నువ్వు పూర్ణం లేదన్న ఒబ్బట్లు, మా బావ ఎన్ని తిన్నాడో తెలుసునా? తిన్నది కాకుండా తువ్వాల్లో మూట కట్టుకొని పోయినాడు."

నంజమ్మ కళ్ళు దేవాలయం తలుపుల్లా బార్లా తెరుచుకున్నాయి. చుక్క నేరుగా మధ్యలో పడింది.

"ఆయన నాతో బాగలేదనే అన్నాడే!" అంటూ లేవబోయింది.

"పండుకో. ఇంకో కన్ను ఉండాది." నంజమ్మ రెండో కన్ను అప్పటికే బిగించేసింది. "రోజూ సాయంత్రం చెరువు చుట్టూ వాకింగ్ అని పోతాడు కదా బావ? చెరువు దాకా పోడు. మా ఇంట్లో కూర్చుంటాడు. నువ్వు చేసే రాగిముద్ద గట్టిగా ఉండాదని, మా ఇంట్లో అన్నం తిని పోతాడు."

రెండో చుక్కా పడింది.

షెడ్డు తలుపు సందులోంచి వింటున్న ఓబులేష్‌ వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. డాక్టరమ్మ రోజుకు ఒక్కసారి వెయ్యమని రాయలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు రాసింది. జయమ్మ దగ్గరున్న సరుకు ఎంతో అతనికి ఒక్కడికే తెలుసు. నంజమ్మ ఇచ్చే వాముకషాయం ఇన్నేళ్ళూ అతను కరివేపచెట్టు పాదులోనే పోస్తున్న సంగతి మర్నాడు మధ్యాహ్నం కంట్లో పడింది. పాము వచ్చిన రోజు రోకలి తనే అందించానని దామోదర్‌తో గొప్పలు చెప్పుకున్న సంగతి సాయంత్రం పడింది.

"జయమ్మా, చాలు తల్లీ! ఆ మందు దానంతట అదే పడతాదిలే!" అని షెడ్డులోంచి కేక వేశాడు.

"మీరు ఊరుకోండి బావా, ఇప్పుడే ఎడమకన్ను తెరిసింది."

చుక్కల మహిమో, రోజులు గడిచిన మహిమో, నంజమ్మ కళ్ళలో ఎరుపు విరిగింది. జయమ్మకూ తగ్గింది. తడిగుడ్డలు వేసుకొని పక్కపక్కన పడుకున్న వేళల్లో ఇద్దరూ పెళ్ళి గురించి, నామకరణం గురించి, ఊరందరి గురించీ మాట్లాడుకున్నారు. ఒబ్బట్టు గురించి నంజమ్మ క్షమాపణ అడగలేదు. వచ్చే పండగకు పూర్ణం తనే రుబ్బి ఇస్తానంది. జయమ్మకు అది చాలింది. అర్పిత గ్రిల్లు తాళం తీసి, "ఆంటీ, కళ్ళు సూపర్‌గా ఉన్నాయి" అంది.

ఆ మర్నాడే షెడ్డులోంచి మూలుగు వినిపించింది. గోడతో, క్యాలెండరుతో మాట్లాడి కాపాడుకున్న కళ్ళు ఓబులేష్‌కు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మ అతనికీ సీసా రాసింది.

తోడికోడళ్ళిద్దరూ సబ్బుతో చేతులు కడుక్కొని షెడ్డులోకి వచ్చారు. ఓబులేష్ అప్పటికే వెల్లకిలా పడుకొని, రెండు చేతుల వేళ్ళతో రెండు కళ్ళూ వెడల్పుగా చీల్చి పట్టుకొని ఉన్నాడు.

"తెరిచే పెట్టినాను. మీ ఇద్దరికీ పుణ్యముంటాది, ఏమీ చెప్పకుండా వేసి పోండి."

నంజమ్మ సీసా మూత తిప్పుతూ జయమ్మ వైపు చూసింది.

"ఏమే, ఊరికే వేస్తే ఈయనకు పని చేస్తాదంటావా?"

"చెయ్యదక్కా" అంది జయమ్మ, పీట లాక్కొని కూర్చుంటూ.