కొక్కెం లేని గది

భవానీపురంలో మా ఇంట్లో పిల్లల్ని చూసుకున్నన్నాళ్లూ నేను పెద్దగా బుర్ర పెట్టి ఆలోచించింది లేదు. ముందుగది శ్లాబుకి ఇనప కొక్కేలు రెండు ఉండేవి. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు చంటిపిల్లతోపాటు తమ పాత నూలు చీర ఒకటి ఇచ్చి వెళ్లేవాళ్లు. మధ్యాహ్నం దాన్ని ఉయ్యాలగా కట్టి నాలుగు ఊపులు ఊపితే పిల్ల నిద్రలోకి జారుకునేది. అదొక విద్య అని నాకు తోచనేలేదు.

పిల్లలు ఎక్కువయ్యారు. తను బాల్కనీలో నిలబడి భోంచేయాల్సి వస్తోందని మా ఆయన దెప్పడం మొదలుపెట్టాడు. చివరికి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో మేడ మీద వాటా అద్దెకు తీసుకుని పిల్లల్ని చూసుకునే సెంటర్ తెరిచాం. గోడల మీద బొమ్మలు, తల్లులు ఫోన్లో చూసుకోవడానికి కెమెరాలు, చుట్టూ కమ్మీలున్న చిన్న మంచాలు. గర్వపడ్డాను, అబద్ధమెందుకు. మొదటిరోజు మధ్యాహ్నం చీర చేతిలో పట్టుకుని పైకి చూస్తే అంతా నున్నటి ఫాల్స్ సీలింగ్.

ఇంటి ఓనరు కంకిపాడులో ఉంటారు. కొక్కేలు వేయించుకుంటామని ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా చెప్పారు. “మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండమ్మా. సీలింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, మొన్ననే చేయించాం.”

మండుకొచ్చింది. ఇనప స్టాండు కొని దానికి చీర కట్టాను. నడిచే పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడారు, అది ఒరిగింది. ఆ ఒరగడం తల్లులంతా కెమెరాలో చూశారు. స్టాండు అటకెక్కింది.

మిగతా పిల్లలు ఎలాగో సర్దుకున్నారు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ పాప మాత్రం సర్దుకోలేదు. మంచంలో వేస్తే చాలు, లేచి కమ్మీలు పట్టుకుని గుక్కపట్టి ఏడ్చేది. తల్లి బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఫోన్లో అదంతా చూసేది.

“పాప ఇలాగే ఏడిస్తే నేను ఉద్యోగం మానేయాల్సిందేనండీ. మా అత్తగారు ఇప్పటికే అంటున్నారు” అంది ఒకసారి ఫోన్లో.

నాకు భయం పట్టుకుంది. పాపని భుజాన వేసుకుని తిరిగితే అవతల ఇంకో ఇద్దరు ఏడ్చేవారు. వాళ్ల దగ్గరికి వెళ్తే ఇది. ఏడవనిచ్చి వదిలేస్తే దానికే అలవాటవుతుందని, సాయానికి పెట్టుకున్న ఆయా అంటే ఆమె మీద విసుక్కున్నాను. కానీ ఆ వారం కొత్త అడ్మిషన్ల హడావిడి. నాకు తెలియకుండానే పాపని ఏడుస్తున్నా వదిలేశాను.

ఒకరోజు పాప ఏడవలేదు. పడుకోబెడితే కాసేపు పైకి చూసింది, గోడవైపు తిరిగింది, నిద్రపోయింది. నేను పక్కనే నిలబడ్డాను. నిద్రపోవడం నేర్చుకుందా, పిలిచినా ఎవరూ రారని తెలుసుకుందా? ఇంతమందిని పెంచిన నాకు ఆ తేడా ఎలా కనిపెట్టాలో తెలియలేదు.

సాయంత్రం తల్లి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

“ఎలా అలవాటు చేశారండీ?”

“నేనేమీ చేయలేదండీ” అన్నాను.

“మీరెప్పుడూ అంతే, ఏదీ చెప్పుకోరు” అని ఆవిడ నా చేతులు పట్టుకుంది. ఆమె భుజం మీంచి పాప నన్ను చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.