ఆరిపోయిన చొక్కా

తాపీమేస్త్రిని పనివాళ్లంతా నిప్పుకోడి అనేవారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నా తలకు గుడ్డ చుట్టడు, నీడకు రాడు. ఎవరైనా మంచినీళ్లకు దిగితే, "వెన్నముద్దవా ఏంటి, కరిగిపోతావా?" అని దెప్పుతాడు. దీన్ని కష్టజీవి దీక్ష అని మెచ్చుకునేవాళ్లున్నారు. వాళ్లు సాధారణంగా నీడలో నిలబడే మెచ్చుకుంటారు.

శ్లాబు పోసే రోజు అతని మొండితనం మరీ ఎక్కువ. కాంక్రీటు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు సరిగా కుదరదు, వానొస్తే అక్కడే కారుతుంది. అందుకే అన్నాలు కూడా వంతులవారీగా తింటారు. మేస్త్రి వంతు మాత్రం పనంతా అయ్యాకే.

ఆ రోజూ కింద నుంచి చేతులు మారుతూ కాంక్రీటు తట్టలు పైకొస్తున్నాయి. వరసలో చివరి మనిషి మేస్త్రి భార్య. తట్ట అందుకుని అతని ముందు గుమ్మరించడం ఆమె పని. మేస్త్రి పొద్దుటినుంచి తలనొప్పంటున్నాడు. ఆమె కళ్లు తట్టమీద కంటే మొగుడి వీపుమీదే ఎక్కువున్నాయి. పొద్దున పిండితే కారేలా ఉన్న చొక్కా, మధ్యాహ్నానికి తెల్లటి ఉప్పు చారలతో ఆరిపోయి ఉంది.

"చూశావా వదినా, అన్నకి చెమటే పట్టట్లేదు. ఎండే దణ్ణం పెట్టేసింది," అన్నాడు పక్కనున్న పనివాడు.

ఒళ్లు అలవాటు పడిందిలే అని ఆమె కూడా కాస్త తేలికపడింది. అంతలో మేస్త్రి తలెత్తాడు.

"నా తాపీ ఏదే?"

"చేతిలోనే ఉంది కదయ్యా."

అతను తన చేతిని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అతని మెడమీద చెయ్యి వేసింది. పొయ్యిమీది పెనంలా కాలుతోంది, తడి లేదు.

తర్వాతి తట్ట ఆమె అందుకోలేదు. వెనక వరసంతా ఆగిపోయింది.

కింద గొడుగు నీడలోంచి కాంట్రాక్టరు కేకేశాడు. "ఎవరమ్మా ఆపింది? రేపు అతుకు కారితే ఇంటాయనకి నువ్వు చెప్తావా?"

"చెప్తాను. ముందు ఈయన్ని దించండి."

"పరువు తియ్యకే," అనబోయాడు మేస్త్రి. నాలుక తిరగలేదు. మోకాళ్లు మడతపడ్డాయి.

మోసుకొచ్చి కింది అంతస్తు నీడలో పడుకోబెట్టారు. శ్లాబు తడపడానికి పట్టి ఉంచిన డ్రమ్ములో నీళ్లన్నీ అతనిమీద పోశారు, శ్లాబుమీద కప్పాల్సిన గోనెలు తడిపి అతనికి కప్పారు. బండి వచ్చేదాకా ఆమె అట్టముక్కతో విసురుతూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ మెత్తగా చెప్పలేదు. "చెమట ఆగితే ఎండకి తట్టుకున్నట్టు కాదు. ఒళ్లు ఓడిపోయినట్టు."

మనిషి దక్కాడు. శ్లాబు అతుకు దగ్గర కారుతోంది, కాంట్రాక్టరు సందు దొరికితే చాలు ఎత్తిపొడుస్తాడు. మేస్త్రి ఇప్పుడు తలకు గుడ్డ చుడతాడు, గొణుక్కుంటూనే నీడకొస్తాడు. ఆమెకు అదీ చాలదు. తట్ట గుమ్మరించే ముందు అతని వీపు తడుముతుంది. చొక్కా తడిగా తగిలితేనే వెనక్కి తిరిగి ఇంకో తట్టకు చెయ్యి చాపుతుంది.