ఏ జొన్న మేలో తేల్చని మా సారు

మా సారు పోయారని ప్రొద్దుటూరు బస్సు కండక్టరు కిటికీలోంచి కేకేసి చెప్పాడు. పులివెందుల బస్టాండులో టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసట కమ్మింది, అంతే. ఆయన వెనక తిరిగిన ఎండంతా ఒక్కసారిగా మళ్ళీ నెత్తికెక్కినట్టయింది.

ఆయన వ్యవసాయ శాఖలో లెక్కల సూపర్వైజరు. నేను ఆయన కింద తక్కెడ మోసేవాణ్ణి. చేనులో ఒక చోట తాడుతో కొలిచి, ఆ మేర కోయించి, గింజ నూర్చి తూచాలి. అలా ఊరూరా తూచి సగటు తియ్యాలి. ఏం ఉద్యోగమో, పొద్దస్తమానం దుమ్ము తినడమే! సారు ఏపుగా పెరిగిన చోటు చూసి కోయించేవారు కాదు. చీటీ తీసి, అందులో ఏ చోటు వస్తే అక్కడికే నడిచేవారు, ముళ్ళకంపైనా సరే. "కంటికి నచ్చిన చోట కోస్తే కంటి లెక్కొస్తాది గానీ, చేని లెక్క రాదప్పా" అనేవారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలులో ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజుల్లో కొత్త జొన్న విత్తనమొకటి దిగింది. రైతులకు పంచి, పాత జొన్నతో పోల్చి చెప్పమన్నారు. తూచాం. వానలు బాగా పడిన ఏడది, కొత్తదాని సగటే ఎక్కువ. పై అధికారి పొంగిపోయాడు. ఇక సారు సంతకం పెడితే చాలు, తాలూకా అంతా పాత విత్తనం మానేసి కొత్తదే వెయ్యాలి. ఆ కొత్తది కాస్తా పండకపోతే జనానికి సంగటి ముద్ద ఉండదు. పాత విత్తనం మళ్ళీ కావాలన్నా దొరకదు.

సారు సంతకం పెట్టలేదు. నన్ను వెంటేసుకుని మళ్ళీ ఊళ్ళమీద పడ్డారు. సింహాద్రిపురం దగ్గర ఒక పెద్దమ్మ ఉండేది, మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసే మనిషి.

"కొత్త ఇత్తనం ఏ చేన్లో ఏసినావమ్మా?" అని అడిగారు సారు.

"గొర్రెల మంద పెట్టిన చేన్లో సారూ. సర్కారోళ్ళు పంపిన ఇత్తనం ఇంటికొచ్చిన సుట్టం మాదిరి. సుట్టానికి కుక్కి మంచమేస్తామా?"

తక్కిన ఊళ్ళలోనూ ఇదే మాట. మర్యాద కొద్దీ అందరూ మంచి నేలంతా కొత్తదానికే ఇచ్చేశారు! మేం తూచింది విత్తనాన్నో, గొర్రెల ఎరువునో ఆ దేవుడికే తెలియాలి. సారు గట్టు మీద కూలబడ్డారు.

"ఇంకోటి చూడప్పా. కొత్తదానికీ పాతదానికీ ఎంత తేడా అని అడుగుతాండారు. పాతదానికీ పాతదానికే చేను చేనుకూ శానా తేడా ఉందే, అది అడిగేటోడు లేడు. ఆ తేడా ముందర ఈ తేడా యాడ నిలబడతాది?"

ఇదంతా పెద్దమ్మకెందుకు? "నా పాత ఇత్తనం పారేయాల్నా, పెట్టుకోవాల్నా? ఒక్క మాట చెప్పు సారూ" అంది.

"నాకు తెలీదమ్మా. తెలిసేదాకా దాచిపెట్టుకో. వచ్చే ఏడు ఒకే చేను రెండు సగాలు చేసి, బొమ్మా బొరుసా ఏసి, ఏ సగానికి ఏది పడితే అది ఏద్దాం."

పై అధికారి మండిపడ్డాడు. "తెలీదని రాయడానికా నీకు జీతం?" అన్నాడు అందరి ముందూ. సారుకు రావలసిన ప్రమోషను పోయింది. రెండు సగాల సేద్యం మాత్రం ఒక్క ఏడు చెయ్యనిచ్చారు.

ఆ ఏడే వాన మొహం చాటేసింది. పాత సగంలో దోసెడో గుప్పెడో గింజ దక్కింది. కొత్త సగమంతా తాలు. నేను గంతులేశాను. "రాయండి సార్, పాతదే మేలని! ఆ పై అధికారి మొహాన కొట్టండి!"

"ఒక్క కరువేడు చూసి పాతదే మేలని రాస్తే, ఒక్క మంచేడు చూసి కొత్తదే మేలన్నోనికీ మనకూ ఏంది తేడా? ఇంకా చూడాల" అన్నారు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలచుకుంటే చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది. ఇంకా తెలీదన్న ఆ రిపోర్టుతో కొత్త విత్తనం ఉత్తర్వు ఆగిపోయింది. జనం దగ్గర పాతదీ మిగిలింది.

ఇంకా చూడటం మాత్రం కుదరలేదు. ఆంధ్రప్రదేశ్ వచ్చి ఆఫీసులు హైదరాబాదు చేరాయి, మా పోలిక ఎక్కడిదక్కడ ఆగింది. ఆయన్ని కొండాపురమనీ పెండ్లిమర్రి అనీ తిప్పి తిప్పి చివరికి రిటైరు చేశారు. కనబడినప్పుడల్లా "తేల్లేదప్పా అది" అని నిట్టూర్చేవారు. అంతకు మించి ఎవరినీ ఒక్క మాట అనలేదు.

నేను ప్రొద్దుటూరులో సారు ఇల్లు చేరేసరికి ఆ పెద్దమ్మ నాకంటే ముందే వచ్చి గుమ్మం పక్కన కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది. "తెలీదు అని చెప్పిన సర్కారు మనిషి, నేను చూసినోళ్ళలో ఈయప్ప ఒక్కడే నాయనా" అని ఏడ్చింది. అప్పుడొచ్చింది నాకూ ఏడుపు.

పోయినవాళ్ళ నోట్లో నాలుగు బియ్యపు గింజలు వెయ్యడం మా వైపు ఆచారం. అందరూ వేశారు. ఆమె మాత్రం కొంగు ముడి విప్పి జొన్నలు తీసింది.

"ఏ జొన్నమ్మా?" అని అడిగాను, ఉండబట్టలేక.

"ఇప్పటికీ రెండూ ఏస్తానే ఉండా. రెండూ కలిపి తెచ్చినా. ఏది మేలో ఈయప్ప ఇంకా తేల్చలేదు కదా!"

ఆ జొన్నలు ఆయన నోట్లో వేసింది. కొన్ని గింజలు ఆయన పెదవి మీంచి జారి, గడ్డం కింద, కప్పిన పంచె మడతలో పడ్డాయి. వాటినెవరూ ఏరలేదు.